బుధవారం మ్యాచ్‌కు రండి, కానీ "అడవి చెయ్యి" అనకండి

పోస్టు కొంచెం పొడుగైంది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. చివర్ల ఒక రిక్వెస్ట్ కూడా ఉంది.

వచ్చే బుధవారం పొద్దున తొమ్మిదింటికి మా కాలేజీ గ్రౌండ్‌లో బేస్‌బాల్ మ్యాచ్ ఉంది. టౌన్‌లోని ఒక ప్రైవేటు కాలేజీ జట్టు మన దగ్గరికి వస్తోంది. ఈ సంవత్సరం వాళ్లతో రెండుసార్లు ఆడినం, రెండుసార్లూ ఓడినం. మొదటిసారి 9-4, రెండోసారి 6-5. ఆ రెండు మ్యాచ్‌లకూ స్కోరు రాసింది నేనే. నాకు ఆడటం అంత రాదు, స్కోరు బుక్కు రాయడం వచ్చు. అందరూ మర్చిపోయేది స్కోరర్ దగ్గర మాత్రం కాగితం మీద ఉంటది.

ఈసారి మన తరఫున పిచింగ్ చేసేది మా హాస్టల్ తమ్ముడు. ఫస్ట్ ఇయర్. ఉట్నూరు వైపు గోండు పిల్లగాడు. వాళ్లింట్లో కాలేజీకి వచ్చిన మొదటివాడు, నాలాగనే. పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు. ఇప్పటిదాకా వాణ్ని లెఫ్ట్ ఫీల్డ్‌లోనే నిలబెట్టారు. బుధవారం మొదటిసారి గ్రౌండ్ మధ్యల ఉన్న మట్టి దిబ్బ మీద నిలబడి బంతి విసరబోతున్నాడు.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్రికెట్‌లో బౌలర్ ఎట్లనో ఇక్కడ పిచర్ అట్ల, కానీ పరుగెత్తుకుంట రాడు, బంతిని నేలకు తగిలించడు. దిబ్బ మీద నిలబడి 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి నేరుగా విసరాలి. సుమారుగా బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ మధ్య దాకా, ప్లేటు వెడల్పులో బంతి పోవాలి. అట్ల పోతే స్ట్రైక్, బ్యాటర్ కొట్టబోయి తప్పినా స్ట్రైకే. మూడు స్ట్రైకులకు బ్యాటర్ ఔట్. బయటికి పోయి బ్యాటర్ కొట్టకుండా వదిలేస్తే బాల్. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ ఉత్తగనే మొదటి బేస్‌కు నడిచి పోతడు. ఏ బంతి ఎక్కడ వేయాలి, ఎప్పుడు మెల్లగ వేయాలి, ఈ బ్యాటర్ పోయినసారి దేనికి మోసపోయిండు, ఇవన్నీ పిచర్, క్యాచర్ కలిసి ఆలోచించాలి. ఆటలో బుర్ర ఎక్కువ పెట్టాల్సిన జాగా అది.

మరి వాడికి ఇప్పుడే ఎందుకు ఛాన్స్ వచ్చింది? బుధవారం కాబట్టి. మన మొదటి పిచర్ పోయిన శనివారం మొత్తం మ్యాచ్ వేసిండు. మళ్లీ వచ్చే శనివారం పెద్ద మ్యాచ్ ఉంది. మధ్యలో భుజానికి రెస్ట్ కావాలి. అమెరికా కాలేజీల్లో కూడా ఇట్లనే నడుస్తది. అక్కడ శుక్ర, శని, ఆదివారాల్లో ఒకే జట్టుతో మూడు మ్యాచ్‌లు ఉంటయి. ముగ్గురు మంచి పిచర్లు వాటికి పోతరు. మంగళవారమో బుధవారమో ఉండే ఒక్క మ్యాచ్‌కు నాలుగోవాడో, కొత్తగా చేరినవాడో వస్తడు. వారం మధ్య మ్యాచ్‌ను చాలామంది లెక్కచేయరు. కానీ కొత్తవాడి సంగతి బయటపడేది ఆ రోజే. మన తమ్ముడికి అట్లాంటి రోజు ఈ బుధవారం. బాగా వేస్తే యూనివర్సిటీ సెలక్షన్స్‌కు పిచర్‌గా పేరు పంపుతరు. లేకపోతే మళ్లీ లెఫ్ట్ ఫీల్డే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా.

జట్టు సెలక్షన్ రోజున వాడు దూరం నుంచి విసిరిన బంతి చూసి ఒక సార్ అన్న మాట: "అడవిల పుట్టినోళ్లు గదా, చెయ్యి పుట్టుకతోనే వస్తది. ఔట్‌ఫీల్డ్‌ల పెట్టండి." తిట్టలేదు, మెచ్చుకున్నడు. మేము కూడా నవ్వినం. నేను బుక్కుల వాడి పేరు పక్కన లెఫ్ట్ ఫీల్డ్ అని రాసేసిన. "నేను పిచింగ్ చేస్తనన్నా" అని వాడు రాత్రి రూమ్‌ల అంటే, "నీకు మంచి పరుగుంది, ఎందుకురా అదంతా" అని నేనే అన్న. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తది. నేనూ కోయనే, నేనూ అదే మాట అన్న.

పుట్టుకతో వచ్చింది అంటే అర్థం ఏంది? నువ్వు నేర్చుకోలేదు, నీ కష్టం ఏం లేదు అని. ఇంకో అర్థం కూడా ఉంది. నీకు చెయ్యి ఉంది, కాళ్లున్నయి, బుర్ర పని వేరేవాళ్లు చూసుకుంటరు అని. అందుకే పరుగెత్తే జాగాలు మనకు, ఆలోచించే జాగాలు వేరేవాళ్లకు పోతున్నయి. ఇది ఒక్క గ్రౌండ్‌లనే అనుకోకండి. కాలేజీ ఫంక్షన్ అంటే మనల్ని డ్యాన్స్‌కు పిలుస్తరు, డిబేట్‌కు ఎంతమందిని పిలిచిన్రో మీరే గుర్తు చేసుకోండి.

ఇది ఈ ఆట పుట్టిన దేశంలో కూడా జరిగింది. లూయీ సాకలెక్సిస్ అని పెనాబ్‌స్కాట్ తెగ ఆటగాడు. మెయిన్ రాష్ట్రం వాడు. హోలీ క్రాస్ కాలేజీకి ఆడిండు. అతని విసురు గురించి కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు. 1897లో క్లీవ్‌లాండ్ జట్టులో చేరి 66 మ్యాచ్‌లలో .338 సగటుతో కొట్టిండు. అంటే సుమారు మూడు ప్రయత్నాలకు ఒక హిట్. అంత ఆడినా, బ్యాటింగ్‌కు వస్తే చాలు, జనం గ్యాలరీల నుంచి నోటి మీద చెయ్యి కొట్టుకుంట అడవి కేకలు వేసేవాళ్లు. అతన్ని నిలబెట్టింది ఎక్కడో తెలుసా? ఔట్‌ఫీల్డ్‌ల.

ఇంకొకాయన చార్లెస్ ఆల్బర్ట్ బెండర్. తల్లి ఓజిబ్వే తెగ. మినసోటాలో పుట్టి, పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్‌లో చదివిండు. 1879లో మొదలైన ఆ రెసిడెన్షియల్ స్కూల్‌లో గిరిజన పిల్లల జుట్టు కత్తిరించేవాళ్లు, సొంత భాష మాట్లాడనిచ్చేవాళ్లు కాదు. హాస్టల్‌ల పెరిగినోళ్లం, ఈ సంగతి మనకు వేరేవాళ్లకన్నా తొందరగా అర్థమైతది. బెండర్ పిచర్ అయ్యిండు. 1905 వరల్డ్ సిరీస్‌లో ఫిలడెల్ఫియా జట్టు గెలిచింది ఒక్కటే మ్యాచ్. అది ఆయన వేసిందే, అవతలి జట్టుకు ఒక్క పరుగు కూడా ఇయ్యలేదు. 1910లో ఒక మ్యాచ్ మొత్తంల ఒక్క హిట్ కూడా ఇయ్యలేదు. తప్పక గెలవాల్సిన మ్యాచ్ ఒకటి ఉంటే బంతి బెండర్ చేతికే ఇస్తనని ఆయన మేనేజర్ కోనీ మ్యాక్ తర్వాత చెప్పుకునేవాడు. 1953లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యిండు. ఇంత చేసినా జనం, పేపర్లు ఆయన్ను "చీఫ్" అనే పిలిచాయి, అంటే తెగ నాయకుడు అని. ఆయనకు ఆ పిలుపు నచ్చలేదు. సంతకం అడిగితే తన పేరు బెండర్ అనే పెట్టేవాడు.

మన దేశం సంగతి కూడా చెప్తా. 2008లో "మిలియన్ డాలర్ ఆర్మ్" అని ఒక పోటీ పెట్టి, ఎవరు వేగంగా విసురుతరో చూసి రింకూ సింగ్, దినేష్ పటేల్‌ను అమెరికా తీసుకుపోయిన్రు. ఇద్దరూ ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చిన జావెలిన్ పిల్లలు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. పోటీ పేరులోనే చెయ్యి ఉంది. కానీ అక్కడికి పోయినంక వాళ్లు ఆట మొత్తం మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. చిన్న లీగుల దాకా పోయిన్రు, పెద్ద లీగ్ అందలేదు. వేగం ఒక్కటే సరిపోదు, నేర్చుకునే టైమ్, నేర్పేవాళ్లు కావాలి.

కొందరు అన్నలు అడగొచ్చు, మన విల్లు, మన వడిసెల మనకు గొప్ప కాదా అని. గొప్పే అన్నా. కానీ అది ఎట్ల వచ్చిందో గుర్తు చేసుకోండి. మా తాత నాకు మంచె మీద నిలబెట్టి వడిసెల నేర్పిండు. మొదటి వారం నా రాయి నా ఎనకకే పోయింది. తాడు ఎప్పుడు వదలాలి, గాలి ఎటున్నది, పిట్టల గుంపు ఎటు లేస్తది, అన్నీ చెప్పిండు. నాకు సరిగ్గ రానే లేదు, మా చెల్లెకు వచ్చింది. పుట్టుకతో వచ్చేదైతే ఇద్దరికీ రావాలె గదా? అది మా తాత చదువు. ఆయనకు బడి లేదు కానీ చదువు ఉంది. "పుట్టుకతో వచ్చింది" అంటే తమ్ముడి కష్టాన్నే కాదు, మన తాతల చదువును కూడా లేదన్నట్టే.

తమ్ముడి కష్టం నేను కళ్లారా చూసిన. హాస్టల్ ఎనక వేపచెట్టుకు పాత స్కూటర్ టైరు కట్టిండు. తాడుతో 60 అడుగుల 6 అంగుళాలు కొలిచి ఒక ఇటుక పాతిండు. తెల్లారి ఐదింటికి, మెస్‌ల టిఫిన్ పెట్టకముందే, రోజుకు యాభై బంతులు. అంతకంటే ఎక్కువ వేయడు, భుజం పాడైతదని ఫోన్‌ల చూసి తెలుసుకున్నడు. తోలు ఊడిన బంతుల్ని దబ్బనంతో కుట్టుకున్నడు. ఛేంజప్ నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. చెయ్యి అంతే వేగంగా తిరుగుతది, బంతి మాత్రం మెల్లగ వస్తది, బ్యాటర్ ముందే బ్యాట్ ఊపేస్తడు. అది కండ పని కాదు. ఎదుటివాడి మనసు చదివే పని.

ఇక బుధవారం ఏం చూడాలో, నా స్కోరు బుక్కు చూసి చెప్తా.

ఒకటి, మొదటి బంతి. 9-4తో ఓడిన మ్యాచ్‌లో మన పిచర్లు ఎనిమిది మందిని ఉత్తగ నడిపించిన్రు. అందులో ఐదుగురు పరుగు చేసిన్రు. ప్రతి బ్యాటర్‌కు మొదటి బంతి స్ట్రైక్ పడుతుందా లేదా చూడండి. అది పడితే మ్యాచ్ మన చేతిలో ఉన్నట్టే.

రెండు, వాళ్ల మొదటి బ్యాటర్. గట్టిగ కొట్టడు. బ్యాట్ అడ్డం పెట్టి బంతిని మెల్లగ మూడో బేస్ వైపు దొర్లిస్తడు, ఉరుకుతడు. మన మూడో బేస్ అన్న ఈసారి రెండడుగులు ముందుకొచ్చి నిలబడాలి.

మూడు, దొంగ పరుగు. మొదటి బేస్ మీద ఉన్నవాడు పిచర్ చెయ్యి లేపంగనే రెండో బేస్‌కు ఉరుకుతడు. క్యాచర్ అక్కడికి 127 అడుగులు విసరాలి. మన క్యాచర్ కూడా హాస్టల్ పిల్లగాడే, వాడిదీ గోండీనే. ఇద్దరూ దిబ్బ దగ్గర ఏదైనా మాట్లాడుకుంటే గోండీలనే మాట్లాడుకుంటరు. అవతలివాళ్లకు అర్థం కాదు. మాట్లాడుకోనియ్యండి.

నాలుగు, చివరి బ్యాటింగ్ మనది. బేస్‌బాల్‌లో సొంత గ్రౌండ్ జట్టు ప్రతి ఇన్నింగ్స్‌లో రెండోసారి బ్యాటింగ్ చేస్తది. 6-5తో ఓడింది వాళ్ల గ్రౌండ్‌ల, ఆఖరి ఇన్నింగ్స్‌లో. ఈసారి ఆఖరి మాట మనది. మధ్యల లేచిపోకండి.

గెలుస్తమా? నా లెక్కల వాళ్లదే కొంచెం పైచేయి. వాళ్లకు మంచి కిట్టు ఉంది, రోజూ ప్రాక్టీస్ చేయించే కోచ్ ఉన్నడు. తమ్ముడు మూడు నాలుగు ఇన్నింగ్స్ బాగ వేసి తర్వాత అలసిపోవచ్చు. ఓడిపోవచ్చు కూడా. నాకు భయం ఓటమి గురించి కాదు. వేరే ఎవరైనా పిచర్ ఓడితే "ఈరోజు వాడికి బాగలేదు" అంటరు. మనోడు ఓడితే "చెప్పినం గదా, వీళ్లకు ఔట్‌ఫీల్డే కరెక్టు" అంటరు. ఒక్క మ్యాచ్ ఓడిపోయి కూడా మళ్లీ బంతి చేతికి వచ్చే హక్కు వాడికి ఉండాలి. అందరికీ ఉన్నదే, మనకూ కావాలి. అది కూడా ఎవరో దయతో ఇచ్చేది కాదు, మనం పక్కన నిలబడి అడగాల్సింది. అందుకే జనం కావాలి. అందుకే ఈ పోస్టు.

రిక్వెస్ట్ ఇదే. దగ్గర్ల ఉన్నోళ్లు పొద్దున ఎనిమిదిన్నరకే రండి. క్లాస్ ఉన్నోళ్లు లెక్చరర్‌ను అడిగి రండి, అటెండెన్స్ పోగొట్టుకొని రాకండి, మన స్కాలర్‌షిప్‌లు దానితోనే ముడిపడి ఉంటయి. నీళ్ల బాటిల్ తెచ్చుకోండి, గ్రౌండ్ దగ్గర నల్లా పనిచేయట్లేదు. స్ట్రైక్ పడితే చప్పట్లు కొట్టండి. బాల్ పడ్డా కొట్టండి, అప్పుడే ఎక్కువ అవసరం. ఫోన్ వాడి ముఖం మీద పెట్టకండి.

"అడవి బిడ్డ", "పుట్టుకతోనే చెయ్యి" అని మాత్రం అరవకండి, ప్రేమతోనైనా సరే. ఏమని పిలవాలంటే పిచర్ అని పిలవండి. మూడు నెలలు టైరు ముందు నిలబడి ఆ పేరు సంపాదించుకున్నడు.

ఆ రోజు బుక్కుల లెఫ్ట్ ఫీల్డ్ అన్న మాట కొట్టేసి పిచర్ అని రాసేది నేనే. గెలిచినా ఓడినా, మ్యాచ్ అయిపోయినంక స్కోరు ఇక్కడనే పెడ్త.

జై ఆదివాసీ.