నెపం చలిది, నేరం ఫిల్టర్‌ది
జనవరిలో ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీ దాకా వచ్చిన లారీ ఫ్లైఓవర్ ఎక్కలేక మూలిగిందంటే చాలు, ‘డీజిల్ గడ్డకట్టింది’ అని తీర్పు చెప్పేస్తారు. నాకు ఆ తీర్పు మీద నమ్మకం లేదు. 2021 జనవరి 1న అక్కడి సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 1.1 డిగ్రీలు నమోదైతే పదిహేనేళ్లలో అంత చలి లేదన్నారు. అంటే అలాంటి రాత్రులు అరుదు. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్‌ను పానిపట్ రిఫైనరీ తయారుచేసింది లడాఖ్ కోసం, ఢిల్లీ కోసం కాదు. దక్షిణాదిలో నింపిన డీజిల్ ట్యాంకులో మిగిలుంటే తెల్లవారుజామున కాస్త మైనం తేలవచ్చు, కాదనను. కానీ అది అడ్డుపడేది ఎక్కడ? అప్పటికే సగం పూడిన ఫిల్టర్‌లో. వేసవిలో ఎలాగో నెట్టుకొచ్చిన ఆ ఫిల్టర్ చలికి బయటపడుతుంది, అంతే. ముందు వాటర్ సెపరేటర్ అడుగున మర తిప్పి, వచ్చిందాన్ని గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచండి. నీళ్లుంటే అడుగుకు దిగి గీత గీసినట్టు కనిపిస్తాయి. తర్వాత ఫిల్టర్ మార్చండి, పైపు బిగింపుల్లో గాలి పీలుస్తోందేమో చూడండి. ఇంత చిన్న పని మానేసి ట్యాంకు కింద గుడ్డలు తగలబెట్టడం ఏం తెలివో! డీజిల్లో కిరోసిన్ కలపడం మరో జాడ్యం: బీఎస్-6 డీజిల్లో గంధకం పది లక్షల పాళ్లకు పది పాళ్లు మించకూడదని నియమం, కిరోసిన్‌లో అది ఎన్నో రెట్లు. పొగను వడగట్టే డీపీఎఫ్‌కు అది పడదు. ఢిల్లీ సరిహద్దుల్లో గంటల తరబడి ఇంజన్ ఆపకుండా నిలిపినా డీపీఎఫ్ మసితో మూసుకుపోతుంది, అప్పుడూ బండి లాగదు. మీటర్ బోర్డులో వెలిగిన హెచ్చరిక లైటును పట్టించుకోకుండా చలిని తిడితే లాభమేంటి?