పక్క సీటుకూ ఒక ధర: చౌక విమానయానంలో కుటుంబాల అవస్థ

టికెట్టు కొన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే పీఎన్‌ఆర్ నంబరు. విమానం ఎక్కిన తరువాత చూస్తే భర్తకు 9వ వరుస, భార్యకు 27వ వరుస. రక్తపోటు మాత్రలు ఆమె చేతిసంచిలో ఉంటాయి. విమాన సిబ్బంది హిందీలోనో ఇంగ్లీషులోనో అడిగే మాట ఆయనకు మాత్రమే అర్థమవుతుంది. శంషాబాద్ నుంచి ఢిల్లీకో గల్ఫ్‌కో బయలుదేరే విమానాలలో ఇటువంటి వృద్ధ దంపతులు కనిపించడం అరుదు కాదు. టికెట్టు తీసిన కొడుకో కూతురో సీటు ఎంపిక దగ్గర అదనంగా అడిగిన సొమ్ము అనవసరమని భావించి ఆ పేజీని దాటి వెళ్లి ఉండవచ్చు. అసలు ఆ పేజీలో ఏమి అడుగుతున్నారో అర్థం కాకపోయి ఉండవచ్చు కూడా.

టికెట్టు ధరలోనే అన్ని సేవలూ ఇమిడి ఉండే పాత పద్ధతి మన దేశంలో 2013లో మారింది. భోజనం, సామాను, కోరిన సీటు వంటి సేవలను టికెట్టు నుంచి విడదీసి, విడిగా ధర వసూలు చేసుకోవడానికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, ఆ ఏడాది అనుమతించింది. ప్రయాణికుడు తనంత తాను కోరుకుంటేనే ఆ సొమ్ము తీసుకోవాలి, బలవంతం కూడదు అన్నది అందులోని షరతు. వివాదమంతా ఈ ‘కోరుకోవడం’ అన్న మాట చుట్టూనే తిరుగుతోంది.

2018 నవంబరులో ఇండిగో సంస్థ వెబ్ చెక్‌ఇన్‌లో అన్ని సీట్లకూ ధర పెట్టినప్పుడు దేశవ్యాప్తంగా నిరసన వ్యక్తమైంది. ఈ రుసుములు ప్రస్తుత ధరల చట్రానికి లోబడి ఉన్నాయో లేదో పరిశీలిస్తున్నామని పౌర విమానయాన శాఖ నాడు ప్రకటించింది. విమానాశ్రయ కౌంటరులో ఉచితంగా సీటు పొందవచ్చని సంస్థ వివరణ ఇచ్చింది. ఆ తరువాత కొవిడ్ కాలంలో, 2020 మే నెలలో విమానాలు తిరిగి ఎగిరినప్పుడు వెబ్ చెక్‌ఇన్ తప్పనిసరి అయింది. కౌంటరులో బోర్డింగ్ పాస్ తీసుకున్నవారి నుంచి కొన్ని సంస్థలు రుసుము తీసుకోవడం ఆరంభించాయి. వెబ్‌లో వెళితే సీటుకు ధర, కౌంటరుకు వెళితే పాసుకు ధర అన్న పరిస్థితి ఏర్పడింది. 1937 నాటి విమాన నియమావళిలోని 135వ నియమాన్ని ఉటంకిస్తూ, బోర్డింగ్ పాస్‌కు అదనపు సొమ్ము తీసుకోరాదని 2022 జూలైలో ప్రభుత్వం స్పష్టం చేయవలసి వచ్చింది.

విమానయాన సంస్థల వాదనను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ మూతపడ్డాయి. ఇంధనం, అద్దె విమానాలు, విడిభాగాలు వంటి పెద్ద ఖర్చులు డాలరు విలువతో ముడిపడి ఉంటాయి, ఆదాయం మాత్రం రూపాయలలో వస్తుంది. తక్కువ టికెట్టు ధరతో నెగ్గుకు రావాలంటే పక్క ఆదాయాలు అవసరమని సంస్థలు చెబుతాయి. ఒంటరిగా ప్రయాణించే ఉద్యోగికి ఏ సీటైనా ఒకటే అయినప్పుడు, కిటికీ పక్క సీటు కోరేవారి ముచ్చట ఖరీదును ఆయన ఎందుకు పంచుకోవాలన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

అయితే కిటికీ సీటు వేరు, పక్క సీటు వేరు. కాళ్లు చాపుకోవడానికి ఎక్కువ చోటు ఇవ్వాలంటే సంస్థ ఆ స్థలాన్ని వదులుకోవాలి. కిటికీ సీట్లు వరుసకు రెండే ఉంటాయి కనుక కోరేవారు ఎక్కువ. కానీ ఒకే పీఎన్‌ఆర్‌లోని ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టడానికి సంస్థ అదనంగా సమకూర్చవలసిన వస్తువు ఏదీ లేదు. కొత్త సీటు తయారు కానక్కరలేదు. కేటాయింపు చేసే కంప్యూటరు కార్యక్రమం ఆ ఇద్దరినీ ఒక జంటగా గుర్తిస్తే చాలు. విడిపోతామేమో అన్న భయం ఉన్నంత వరకే ఈ సేవకు ధర పలుకుతుంది. సంస్థలు కావాలనే విడదీస్తున్నాయని చెప్పడానికి ఆధారం ఉండాలి. కానీ విడిపోకుండా చూడడానికి ప్రయత్నించకపోవడం వల్ల వాటికి నష్టమేమీ లేదన్నది మాత్రం తెలుస్తూనే ఉంది.

మన దేశంలో చౌక విమానయానానికి వెన్నెముకగా ఉన్న ఎయిర్‌బస్ 320 తరహా విమానంలో సుమారు 180 సీట్లు ఉంటాయి. వరుసకు ఆరు, నడవాకు ఇటు మూడు, అటు మూడు. అంటే దాదాపు 60 సీట్లు మధ్య సీట్లే. డబ్బు చెల్లించేవారు ముందుగా కిటికీ పక్కవీ, నడవా పక్కవీ తీసుకుంటారు. ఇక మిగిలేవి పలు వరుసలలో చెల్లాచెదురైన మధ్య సీట్లు. ఆ దశలో వచ్చిన నలుగురు సభ్యుల కుటుంబాన్ని కలిపి కూర్చోబెట్టడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. కనుక కేటాయింపు ఎప్పుడు జరుగుతుంది, ఎవరిని ముందు లెక్కలోకి తీసుకుంటారు అన్నవే కీలకం. బ్రిటన్ పౌర విమానయాన ప్రాధికార సంస్థ 2018లో వెల్లడించిన సర్వే ప్రకారం, అదనపు సొమ్ము చెల్లించని బృందాలు విడిపోయే అవకాశం రైన్‌ఎయిర్‌లో 35 శాతం కాగా, మరికొన్ని సంస్థలలో 12 శాతం మాత్రమే. అంత తేడా రావడానికి కేటాయింపు పద్ధతి కూడా కారణమని అర్థమవుతుంది.

విమానం లోపల దీని పర్యవసానం మరో విధంగా ఉంటుంది. తల్లి బిడ్డ పక్కన కూర్చోవడానికి అప్పటికే సొమ్ము చెల్లించి కిటికీ సీటు తీసుకున్న వ్యక్తిని లేవమని బతిమాలాలి. ఆయన కాదంటే తప్పు పట్టలేము, ఔనంటే కట్టిన సొమ్ము వృథా. మధ్యవర్తిత్వం సిబ్బంది నెత్తిన పడుతుంది. రుసుము చేరేది సంస్థకు, మొహమాటం మిగిలేది ప్రయాణికులకు.

ఈ సందర్భంలో రైల్వేలను తలచుకోకుండా ఉండలేము. 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 ఏళ్లు దాటిన మహిళలకు కింది బెర్తుల కోసం ప్రత్యేక కోటా ఉంది, దానికి వేరే రుసుము లేదు. అందరికీ ఒకే బోగీలో బెర్తులు దొరికితేనే టికెట్టు ఇవ్వమని, కనీసం ఒక కింది బెర్తు ఉంటేనే ఇవ్వమని ఐఆర్‌సీటీసీలో ముందుగానే షరతు పెట్టుకోవచ్చు. రైల్వేలపై ఫిర్యాదులకు కొదవ లేదు, ఆ కోటా అందరికీ అందుతుందనీ కాదు. అయినా వయసు, కుటుంబం అన్నవి కేటాయింపులో లెక్కకు రావాలన్న సూత్రాన్ని రోజూ కోట్ల మందిని మోసే వ్యవస్థ అంగీకరించింది.

విమానయాన రంగంలో ఆ సూత్రం కొంత మేరకు 2024లో ప్రవేశించింది. 12 ఏళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌పై ప్రయాణిస్తున్న తల్లిదండ్రులలో లేదా సంరక్షకులలో కనీసం ఒకరి పక్కన సీటు కేటాయించాలని, ఆ వివరాలను నమోదు చేసి ఉంచాలని ఆ ఏడాది ఏప్రిల్‌లో డీజీసీఏ సంస్థలను ఆదేశించింది. పిల్లలు తల్లిదండ్రులకు దూరంగా కూర్చోవలసి వచ్చిన ఉదంతాలు తన దృష్టికి వచ్చిన మీదటే ఈ చర్య తీసుకుంది. ఇటలీ నియంత్రణ సంస్థ 2021లోనే 12 ఏళ్ల లోపు పిల్లలతో పాటు వికలాంగుల విషయంలోనూ తోడుగా ఉన్నవారి సీటుకు అదనపు సొమ్ము తీసుకోరాదని నిర్దేశించింది. అమెరికాలో కుటుంబాల సీట్ల రుసుమును నిషేధించే ప్రతిపాదనను రవాణా శాఖ 2024 ఆగస్టులో ముందుకు తెచ్చింది. అక్కడి ఐదు విమానయాన సంస్థలు 2018 నుంచి 2023 వరకు సీట్ల రుసుముల ద్వారా 1,240 కోట్ల డాలర్లు ఆర్జించాయని సెనేట్ ఉపసంఘం అదే ఏడాది వెల్లడించింది.

2024 ఏప్రిల్ ఆదేశం పిల్లల వరకే పరిమితమైంది. వృద్ధులు, గర్భిణులు, చూపు మందగించినవారు, తొలిసారి విమానం ఎక్కేవారు అందులో లేరు. మన ప్రాంతంలో ఆ చివరి వర్గం చిన్నది కాదు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం ఆరంభమైనప్పుడు సిమ్లా–ఢిల్లీతో పాటు తొలి విమానాలు ఎగిరిన మార్గాలలో కడప–హైదరాబాద్ ఒకటి. సామాన్యుడిని విమానం ఎక్కించడమే ఆ పథకం ఆశయం. ఆ సామాన్యుడికి రంగురంగుల సీట్ల పటంలో ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నది తెలుగులో చెప్పే ఏర్పాటు చాలా చోట్ల కనబడదు. వెబ్ చెక్‌ఇన్‌లో ఏ సీటూ ఎంచుకోనివారికి బయలుదేరే ముందు సీటు దానంతట అదే కేటాయింపవుతుందన్న నిబంధన 2024 సర్క్యులర్‌లోనే ఉంది. ఆ సంగతి తెలియక, సొమ్ము చెల్లిస్తేనే ప్రయాణం సాధ్యమని భావించేవారు ఉన్నారు.

పిల్లలతో వెళ్లేవారు గమనించవలసిన చిన్న మెలిక ఒకటుంది. తక్కువ ధర దొరికిందని తల్లికి ఒకరోజు, తండ్రీబిడ్డలకు మరొకరోజు విడివిడిగా టికెట్లు తీస్తే పీఎన్‌ఆర్‌లు వేరవుతాయి. అప్పుడు బిడ్డకు తండ్రి పక్కన చోటు ఇవ్వాలని నిబంధన చెబుతుంది, తల్లి సంగతి అందులోకి రాదు. ఒకే పీఎన్‌ఆర్ ఉండి కూడా బిడ్డను విడిగా కూర్చోబెడితే కౌంటరు దగ్గరే ఈ ఆదేశాన్ని ప్రస్తావించి అడగవచ్చు. పరిష్కారం దొరకకపోతే పౌర విమానయాన శాఖ నిర్వహించే ఎయిర్‌సేవా పోర్టల్‌లో గానీ, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. బోర్డింగ్ పాసులను అప్పటివరకు పారవేయకుండా ఉంచుకోవాలి. ఎవరు ఏ వరుసలో కూర్చున్నారన్నదానికి ప్రయాణికుడి చేతిలో మిగిలే సాక్ష్యం అవే.