రుణగ్రస్తుని వాటా ఏదీ?

మన బస్తీల్లో ‘ఐపీ పెట్టాడు’ అన్న మాట తిట్టుతో సమానం. ఆ మాట పడలేక పండ్ల బండివాడో, పంక్చర్ షాపువాడో రాత్రికి రాత్రి ఊరు విడిచిపోతాడు. కొందరు ప్రాణాలే తీసుకుంటారు. ఆత్మహత్య హరాం అని జనాజా నాడు గుర్తుచేసే మనం, ఆ మనిషి బతికుండగా అతని అప్పుల లెక్క ఏనాడైనా అడిగామా?

ముందుగా ప్రభుత్వాన్ని నిలదీద్దాం. 2016 నాటి దివాలా స్మృతిలో నిరుపేదల కోసం ‘కొత్త ఆరంభం’ అనే అధ్యాయం ఉంది. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేల రూపాయలు మించకుండా, సొంత ఇల్లు లేనివారికి అది విముక్తి మార్గం. ఆ పరిమితులే హాస్యాస్పదం. ఆ మాత్రం అధ్యాయాన్నీ అమల్లోకి తేలేదు. కంపెనీల దివాలా ప్రక్రియ మాత్రం ఆ ఏడాదే మొదలైంది. సామాన్యునికి మిగిలింది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. కంపెనీకి కొత్త చట్టం, కూలివానికి తెల్లదొరల చట్టం! ఇదేమి న్యాయం?

ఆ పాత చట్టం గుమ్మం తొక్కేవారికైనా ముందుగా సలహా చెప్పే దిక్కు లేదు. ఐపీ దాఖలు చేసిన మాత్రాన అప్పు మాఫీ కాదు. కోర్టు దివాలాదారునిగా ప్రకటించాలి, ఆస్తి పంపకానికి రావాలి, ఆపై విమోచన ఉత్తర్వు పొందాలి. ఇంటిని ముందే బావమరిది పేర ఊరికే రాసిస్తే, రెండేళ్లలోపు దివాలా ప్రకటన వెలువడినప్పుడు ఆ బదిలీని కోర్టు రద్దు చేయగలదు. ఆస్తినీ లెక్కల పుస్తకాలనూ దాచితే జైలు శిక్ష పడవచ్చు. తాకట్టు బంగారంపై రుణదాత హక్కు పోదు. అన్నింటికంటే ముఖ్యం: భర్త విముక్తుడైనా, హామీ సంతకం పెట్టిన భార్యకో పొరుగింటి ఆపాకో విముక్తి లేదు. ఈ ముక్క సంతకానికి ముందు ఎవరు చెప్పారు?

మైక్రో ఫైనాన్స్ వాయిదాలకూ హద్దులున్నాయి. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కుటుంబ నెలసరి ఆదాయంలో సగానికి మించి అప్పుల వాయిదాలకు పోకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు. గుమ్మంలో కూర్చునే ఏజెంటుకు ఈ మాట చెప్పగల ధైర్యం మన తల్లులకు ఇవ్వలేకపోయాము.

ఇక మన సంగతి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను దివ్యఖురాన్ పేర్కొంది (9:60). వారిలో రుణగ్రస్తులు, అంటే గారిమీన్, ఒకరు. రంజాన్‌లో చీరలు పంచాము, రేషన్ కిట్లు పంచాము. గారిమీన్ వాటా ఏదీ? ‘వడ్డీకి అప్పు తెచ్చినవానికి జకాత్ ఏమిటి?’ అని కొందరు పెద్దలు అడుగుతారు. ఆస్పత్రి బిల్లు కోసం అతడు మన గడప తొక్కిన రోజున మనలో ఎవరు కర్జె హసనా ఇచ్చారని మేము తిరిగి అడుగుతున్నాము. వడ్డీ గుమ్మానికి అతన్ని సాగనంపింది మనమే.

మా డిమాండు చిన్నది. ప్రతి మస్జిద్ కమిటీ వారానికి ఒక సాయంత్రం ఒక గది తెరవాలి. ఒక న్యాయవాది, రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి, స్త్రీలతో మాట్లాడేందుకు ఒక సోదరి అందులో కూర్చోవాలి. బ్యాంకు, చిట్టీ, యాప్, చేబదులు, చెల్లించని మెహర్ సహా అప్పులన్నీ కాగితం మీదికి రావాలి. అప్పును రాసుకోమని దివ్యఖురానే ఆదేశించింది (2:282). గడువు అడగవలసిన చోట కమిటీ వెంట వెళ్లి అడగాలి. తీర్చగలిగినది బైతుల్ మాల్ తీర్చాలి. అప్పటికీ దారి లేకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా, దాపరికం లేకుండా, తలెత్తుకుని ఐపీ పెట్టించాలి. స్త్రీలకు అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

అప్పుతో మరణించిన ఒక వ్యక్తి జనాజా నమాజుకు ప్రవక్త (స) స్వయంగా నిలబడలేదు. ఆ అప్పు తన మీద వేసుకుంటానని అబూ ఖతాదా (రజి) ముందుకొచ్చాకే నమాజు చేయించారు. మన సఫ్‌లలో నేడు అబూ ఖతాదా ఎవరు? జనాజా దాకా ఆగవద్దు. మనిషి బతికుండగానే లేచి నిలబడండి.