విమానపు మోకాలు

విమానమనగానే మన విద్యార్థుల మనస్సున మెదలునవి రెక్కలును, ఇంజనును మాత్రమే. విజ్ఞాన ప్రదర్శనలకై మనము చేయు నమూనాలే యిందుకు సాక్ష్యము. అట్టతో రెక్కలను నేర్పుగా కత్తిరింతుము. చక్రముల కాళ్లను మాత్రము జిగురుతో అంటించి విడుతుము. కాని విమానమును, అందలి జనులను క్షేమముగా నేలపై నిలుపునవి ఆ కాళ్లే. వాని కీళ్లను తెలిసికొనుటయే యంత్రశాస్త్రమునకు మంచి ప్రవేశద్వారమని నా అభిప్రాయము.

ఇందుకు మన బెంగళూరు మిక్కిలి అనువైన నగరము. 1940 డిసెంబరులో ఇచ్చట హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారము స్థాపితమైనది. డాక్టర్ ఘాటగే ఆధ్వర్యమున అచ్చట రూపొందిన హెచ్.టి.-2 శిక్షణ విమానము 1951 ఆగస్టులో మొదటిసారి ఎగిరినది. దాని కాళ్లు ముడుచుకొనవు. అట్టి నిర్మాణము సులభమే. కాని గాలిలో వ్రేలాడు కాళ్లు వేగమునకు ఆటంకము. కనుకనే 1961లో ఎగిరిన మారుత్, 1964లో ఎగిరిన కిరణ్ జెట్ విమానములకు ముడుచుకొను కాళ్లు అమర్చబడినవి.

పైన ముడుచుకొనవలసిన కాలు నేల తాకునపుడు ఎంతమాత్రము ముడుచుకొనరాదు. చిక్కంతయు నిదియే. దీనికి పోలిక మన మోకాలియందే కలదు. నిటారుగా నిలిచినపుడు మోకాలు బిగిసి దేహభారమును మోయును. తోటి బాలుడు వెనుకనుండి తట్టినచో చటుక్కున వంగును. పెక్కు విమానములలో కాలికి ఆసరాగా రెండు కడ్డీలు నడుమ కీలుతో కూర్చబడి యుండును. కాలు దిగినపుడు అవి తిన్ననై, నడిమి కీలు సరళరేఖను రవంత దాటి ఒక అడ్డుకు ఆనుకొనును. అప్పుడు బరువు పడినకొలది కీలు అడ్డునకే ఒత్తుకొనును గాని వంగదు. ఎగిరిన పిమ్మట నూనె ఒత్తిడితో పనిచేయు చిన్న సాధనము ఆ కీలును వెనుకకు లాగగా కాలు ముడుచుకొనును.

ఒక్కొక్క కీలు ఒక సౌకర్యము, ఒక భయము కూడ. శీల అరిగి రంధ్రము వదులైనచో నేలపై పరుగిడునపుడు చక్రము వణకును. కీలు ఎక్కువైనకొలది బరువును, తనిఖీ శ్రమయు పెరుగును. నౌకపై దిగుట మరింత కఠినము. 2020 జనవరి 11న నౌకాదళపు తేజస్ విక్రమాదిత్య నౌకపై దిగినది. నేలపై దిగు తేజస్ కంటె దృఢమైన కాళ్లు దానికి అవసరమైనవి.

ఇట్టి విద్య ఆంగ్లమున చదివినవారికే గాని మనకు లభ్యము కాదని కొందరు తలంతురు. ఆంగ్ల పదములు నేర్వవలసినదే. పై చదువులకు అవి తప్పవు. అయినను కీలు, శీల, కడ్డీ, ఇరుసు మన ఇండ్లలోని మాటలే. భావము మాతృభాషలో నాటుకొన్న పిమ్మట పేరు నేర్చుట కష్టము కాదు. భావము లేక పేరు వల్లించినవాడు పరీక్షలో నెగ్గవచ్చును గాని యంత్రమును సరిచేయలేడు.

కావున మిత్రులారా, రాబోవు ప్రదర్శనకు రెక్కలను కాక ఒక కాలును చేయుదము. ఒక చెక్క, మూడు అట్టపట్టెలు, నాలుగు గుండుసూదులు, అడ్డునకు ఒక మేకు చాలును. కీలు సరళరేఖకు ఇవతల నున్నపుడును, అవతల మేకుకు ఆనినపుడును కాలిని నొక్కి చూడుడు. పిదప పాత విమానాశ్రయపు రోడ్డులోని హెచ్.ఏ.ఎల్. ప్రదర్శనశాలకు పోయి, అందలి విమానముల రెక్కలక్రింద వంగి చూడుడు. అచ్చటి కీళ్లు మీకు పరిచితములుగనే తోచును.