ఎద్దుకున్నపాటి న్యాయం

“ఆ కాలపు యోధులే యోధులు, 15 రౌండ్లు పోరాడేవారు, తర్వాతివారికి 12కే ఆయాసం” అంటూ ముహమ్మద్ అలీని, మైక్ టైసన్‌ను ఒకే త్రాసులో తూచే పెద్దమనుషులకు ఒక ప్రశ్న. ఆ 3 రౌండ్లు ఎందుకు తగ్గాయి?

1975లో మనీలాలో అలీ, ఫ్రేజియర్‌ల పోరు 14వ రౌండు ముగిశాక ఆగింది. దానిని నేటికీ వీరగాథగా చెప్పుకుంటాము. 1982లో లాస్ వేగాస్‌లో 14వ రౌండులోనే ఓడిన కొరియా యువకుడు కిమ్ డుక్ కూ స్పృహ కోల్పోయి, కొద్దిరోజులకే కన్నుమూశాడు. ఆ మరణం తర్వాతనే ప్రపంచ బాక్సింగ్ మండలి తన టైటిల్ పోటీలను 12 రౌండ్లకు కుదించింది. 1986లో 20 ఏళ్ళ టైసన్ బెర్బిక్‌ను రెండవ రౌండులోనే పడగొట్టి గెలిచిన పోటీ ఆ నియమం క్రిందిదే.

మా కర్నూలు, కడప సీమల తిరునాళ్ళలో బండలాగుడు చూడండి. రెండు పళ్ళ ఎద్దులను ఆరు పళ్ళ ఎద్దుల సరసన నిలపరు. బండ బరువెంత, గడువెంత అని అడగకుండా ఏ జత గొప్పదో తేల్చరు.

ఎద్దుకు దక్కే ఈ న్యాయం మనిషికి దక్కవద్దా? 15 రౌండ్ల కాలాన్ని కీర్తించదలచినవారు నిరభ్యంతరంగా కీర్తించండి. ఆ కీర్తికి వెల చెల్లించినవాని పేరు కూడా పలకండి.