ఏ నీళ్లల్ల తిరిగిన జీపు?

పాత జీపు కొంటున్న అని ఎవరన్న చెప్తే నేను ముందుగాల ఒక్కటే అడుగుత. ఇన్నేండ్లు అది ఏ నీళ్లల్ల తిరిగింది? ఇంజిన్ ముచ్చట తర్వాత. ఇంజిన్ పోతే బోరింగ్ చేయించుకుంటం, గేర్‌బాక్స్ పోతే హైదరాబాద్ ఆటోనగర్‌ల ఇంకోటి దొరుకుతది. చాసిస్‌ను జంగు తిన్నంక మాత్రం ఏ మెకానిక్ కాడికి తోల్కపోయినా ఫాయిదా లేదు. జీపంటే చాసిసే. మిగిలినయన్నీ దాని మీద బోల్టులు పెట్టి బిగిచ్చినయే.

మన నల్లగొండ, పాలమూరు దిక్కు జీపంటే ఉన్న పావురం ఇయ్యాళ్టిది కాదు. 1947ల మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులు తెప్పిచ్చి బొంబాయిల బిగిచ్చుడు షురూ చేసింది. 1959ల నెహ్రూ షాద్‌నగర్‌కు వచ్చి పంచాయతీరాజ్ మొదలుపెట్టినంక సమితి ఆఫీసులు వచ్చినయ్, వాటెంట సమితి జీపులు వచ్చినయ్. డాంబర్ రోడ్డు కంటె ముందు జీపును చూసిన ఊర్లు మనకాడ మస్తు. అచ్చంపేట దాటి మన్ననూరు కెల్లి నల్లమల లోపటికి పోవాలన్నా, చందంపేట గుట్టలెక్కాలన్నా, రాచకొండ దిక్కు తిరగాలన్నా ఇప్పటికీ అదే అక్కరకొస్తది. మారుతి జిప్సీ 1985ల వచ్చింది, ఇప్పుడు తయారైత లేదు. థార్ 2010ల వచ్చి, 2020 ఆగస్టుల కొత్త రూపం ఎత్తుకున్నది. అందుకే పాతయి అమ్మేటోళ్లు శానమంది, కొనేటోళ్లు అంతకంటె ఎక్కువ. ఢిల్లీల పదేండ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పడ్డనాటి కెల్లి ఆడి బండ్లు గూడ ఎన్‌వోసీ పట్టుకొని దక్షిణానికి దిగుతున్నయ్.

మా బామ్మర్ది ఈమధ్య ఒకటి తెచ్చిండు. వాళ్ల ఊరు దేవరకొండ అవతల. బత్తాయి తోట ఉన్నది, తోటకు పోయే బాటంత మొరం, నడుమ ఒక వాగు. జీపు లేకుంటే గడవదు. కోస్తా దిక్కుకెల్లి వచ్చిన బండి అది. ఆకుపచ్చ రంగు కొత్తగ కొట్టిన్రు, నిగనిగ మెరుస్తున్నది, టైర్లు గూడ కొత్తయే. "బావా, జర వచ్చి చూడు" అని ఫోన్ చేసిండు. పోయేటప్పుడు పాడైపోయిన స్పీకర్ల కెల్లి తీసిన అయస్కాంతాన్ని గుడ్డల చుట్టి జేబుల ఏసుకున్న. ఇనుప రేకు మీద పెడితే అది గట్టిగ పట్టుకుంటది. లప్పం మీద పెడితే జారి కింద పడుతది. వెనుక మడ్‌గార్డ్ అంచుకు, తలుపు కింది మూలకు అది నిలవనే లేదు.

తలుపు కింద రంగు చిన్న చిన్న బుగ్గలు లేసి ఉన్నది. ఆ బుగ్గల లోపట గాలి ఉన్నదనుకుంటరు, కాదు. ఇనుము జంగుగ మారితే దాని మందం రెండింతల నుంచి ఆరింతల దాక పెరుగుతది. పెరిగినంక జాగ సాలక రంగును పైకి నూకుతది. అంటే బుగ్గ కనవడ్డ నాటికి లోపట పని ఎంతో కాలం కెల్లి నడుస్తున్నదని లెక్క. గోటితోని గీకితే ఎర్రటి పొడి రాలింది.

ఇగ లోపలికి పోయినం. రబ్బరు మ్యాటు లేపితే కింద మందంగ ఫెల్టు, ముట్టుకుంటే చెమ్మ. బయట ఎండ మండుతున్నది, ఈడ చెమ్మ! డ్రైవర్ కాళ్లు పెట్టే జాగల స్క్రూడ్రైవర్ పెట్టి వొత్తితే రేకుల దిగిపోయింది. కింది కెల్లి నేల కనవడ్డది. బామ్మర్ది ఏమనలేదు, బొక్క దిక్కే చూసుకుంట నిలవడ్డడు. తర్వాత సీటు బెల్టు ఆఖరుదాక గుంజి చూసినం. రోజూ వాడే భాగం శుభ్రంగ ఉన్నది, చుట్టల లోపట ఉండే భాగం మీద మట్టి గీత. చాసిస్‌కు నీళ్లు పోయేతందుకు పెట్టిన రంధ్రంల వేలు పెట్టి తవ్వితే బూడిదరంగు మెత్తటి ఒండ్రు వచ్చింది. మన చెలకల ఎర్రమట్టి గాదది. బండి ఎన్నడో మునిగి లేసింది.

వరదల మునిగిన బండ్ల సంగతి కొనేటోళ్లందరు తెల్సుకోవాలె. 2020 అక్టోబర్‌ల హైదరాబాద్ కాలనీలల్ల, 2024 సెప్టెంబర్‌ల విజయవాడ బుడమేరు కింద, అదే వారం ఖమ్మం మున్నేరు ఒడ్డున ఎన్ని బండ్లు మునిగినయో టీవీలల్ల అందరం చూసినం. మునిగిన బండిని కడిగి, సీట్లు మార్చి, రంగు కొట్టి అమ్మితే కండ్లకు తెల్వదు. మురికినీళ్లు డబ్బా లెక్కుండే చాసిస్ లోపటికి పోయి ఒండ్రును వదిలిపెడ్తయ్. నీళ్లు ఆరిపోతయ్, ఒండ్రు ఆరదు. అందుకే బెల్టు, స్టెప్నీ పెట్టే జాగ, సీటు కింది పట్టాలు, హెడ్‌లైట్ లోపలి వైపు, ఇవి చూడకుండ బయానా ఇయ్యొద్దు.

మనది ఎండల ఇలాఖా, మన బండ్లకు జంగు రాదు అని శానమంది అంటరు. అది సగమే నిజం. గాలిల తేమ 60 శాతం దాటితేనే ఇనుముకు జంగు జోరుగ పట్టుడు మొదలైతది. పాలమూరుల పడేదే ఏడాదికి 600–700 మిల్లీమీటర్ల వాన, ఎండకాలమంత పొడిగాలి. అందుకే విశాఖ సముద్రం ఒడ్డున పెరిగిన బండి కంటె మన బండి రేకు ఎక్కువ కాలం ఆగుతది. కానీ ఉప్పు తగిలితే ఆ లెక్క తప్పుతది. ఉప్పు గాలిల ఉన్న కొద్దిపాటి తేమను గూడ గుంజుకొని రేకును తడిగ ఉంచుతది. ఆ ఉప్పు సముద్రం కెల్లే రావాల్నని లేదు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు సాగర్ ఎడమ కాలువ కింద వరి పండిచ్చే రైతు జీపుల ఏమేసుకొస్తడు? యూరియా, డీఏపీ, పొటాష్. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, మన వంటింటి ఉప్పుకు తోడబుట్టినదే. బస్తా పగిలి ఫ్లోర్ మీద కారితే, దాని మీద దమ్ము చేసిన పొలం బురద కాళ్లు పెడితే, ఆ రేకు ఎన్నేండ్లు బతుకుతది? పాలమూరుల జీవాల మందలు ఎక్కువ. పెబ్బేరు సంతకు గొర్లను ఏసుకపోయిన బండ్లు నేను చూసిన. గొర్రె ఉచ్చ రేకు సందులల్ల ఇంకితే వెల్డింగ్ జాయింట్లే ముందు పోతయ్. సంత కాడ కెల్లి రాంగనే కడుగుకోవాలె, తెల్లారెదాక ఆగొద్దు.

కడిగే నీళ్లు గూడ చూసుకోవాలె. నల్లగొండ భూమిల నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నదని ఎన్నో ఏండ్ల కెల్లి లోకానికి ఎరుకే. పండ్లను, బొక్కలను పాడు చేసింది ఫ్లోరైడే కానీ, బండికి కీడు చేసేది బోరు నీళ్లల్ల దానితోని కలిసి ఉండే క్లోరైడ్లు, తక్కిన లవణాలు. బోరు నీళ్లతోని కడిగిన బండి ఆరినంక అద్దం మీద తెల్లటి మచ్చలు కనవడ్తయ్ గదా, గసొంటి పొరే చాసిస్ సందులల్ల గూడ కూసుంటది. వానాకాలం పోయినంక ఒక్కసారన్న మిషన్ భగీరథ నల్లా నీళ్లతోనో, ట్యాంకర్ మంచినీళ్లతోనో అడుగంతా కడగాలె. తాగే నీళ్లు బండికా అని మా అత్తమ్మ కోపం చేస్తది. నల్లగొండల పుట్టినోళ్లకు ఆ కోపం ఎందుకో తెలుస్తది. అందుకే రోజువారీ దుమ్ముకు బోరు నీళ్లే పోసి, ఏడాదికి ఒక్కసారి మాత్రం మంచినీళ్లు వాడుండ్రి అని చెప్తున్న.

బామ్మర్ది జీపును ర్యాంపు ఎక్కిచ్చినం. కింద అంతా నల్లటి రబ్బరు కోటింగ్, అది గూడ కొత్తదే. పాత బండి కింద కొత్త నలుపు కనవడితే నేను సుత్తె అడుగుత. మెల్లగ కొట్టుకుంట పోతే మంచి ఇనుము ఖణఖణ మోగుతది, తిన్న ఇనుము బద్‌మంటది. మెయిన్ పట్టీలు రెండూ ఈ చివర కెల్లి ఆ చివరదాక మోగినయ్. స్టీరింగ్ బాక్స్ బిగిచ్చిన జాగ గట్టిగనే ఉన్నది. పానం తేలికైంది. ఆడ గనక బొక్క పడి ఉంటే "వాపస్ ఇయ్యి, ఎన్ని పైసలు పోయినా పోనీ" అనేటోన్ని. స్టీరింగ్ కాడ, కమాన్ పట్టీలు తగిలిచ్చే హ్యాంగర్ల కాడ చాసిస్ పోయిన బండిని బాగు చేపిచ్చి రోడ్డెక్కుడు మనుషుల పానాలతోని ఆడుకునుడే. బ్రేకు నూనె పోయే ఇనుప పైపులు గూడ అంతే. ఈ బండికి అవి పెచ్చులు లేసి ఉన్నయ్, వాటిని మాత్రం అప్పటికప్పుడు మార్పిచ్చినం.

నల్లగొండల నాకు తెలిసిన టింకరింగ్ ఉస్తాద్ ఒకాయన ఉన్నడు. బండి సుట్టూ తిరిగి చూసి ఒక్కటే అడిగిండు: "సాబ్, లప్పం పెట్టి రంగు కొట్టాల్నా, పని చేయాల్నా?" పని చేయమన్నం. సీట్లు, మ్యాట్లు, ఫెల్టు అన్నీ ఊడదీసిండు. బ్యాటరీ తీసి, డీజిల్ ట్యాంకు దించినంకనే వెల్డింగ్ మిషన్ ముట్టిండు. ట్యాంకు దించకుండ వెల్డింగ్ పెట్టే షెడ్డు కాడికి మీ బండిని తోల్కపోకుండ్రి. చాసిస్ లోపటికి పైపు పెట్టి నీళ్లు తేటగ వచ్చెదాక కడిగి, ఎండల పెట్టిన్రు. గా పనికి మాత్రం మన ఎండను మించింది లేదు.

ఆయన కోసే తీరు చూస్తే ముద్దనిపిచ్చింది. బొక్క ఉన్నకాడికే కోస్తే సరిపోదు, రేకు మందం పూర్తిగ దొరికేదాక కోస్తడు. చెయ్యంత ఉన్న బొక్క పలకంత అయింది. "ఇంత తీస్తున్నవ్ ఏందన్నా?" అని బామ్మర్ది గాబరా పడ్డడు. "సగం తిన్న రేకుకు వెల్డింగ్ పెడితే అంచు కాలిపోతది తమ్మీ, ఆరు నెలలల్ల పక్క కెల్లి మల్ల వస్తది" అన్నడు ఉస్తాద్. పాత రేకు మీద కొత్త రేకు కప్పి అతికిచ్చే పని నాకు అసలే నచ్చది. రెండు రేకుల నడుమ తడి చేరితే బయటికి పోయే తొవ్వ ఉండది. ఫ్లోర్‌కు 16 గేజు రేకు అంచుకు అంచు కలిపి సీవోటూ వెల్డింగ్ పెట్టిన్రు. ఒక్క దిక్కుకెల్లి గుంజుకుంట పోతే వేడికి రేకు వంకర పోతది, అందుకే ఈ కొసకు ఇంత, ఆ కొసకు ఇంత పెట్టుకుంట ఆగి ఆగి చేసిండు.

కోయాల్సిన అవసరం లేని జాగలల్ల గ్రైండర్‌కు వైర్ బ్రష్ పెట్టి తెల్లటి ఇనుము తేలేదాక రుద్ది, సందులల్ల మిగిలిన జంగుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న మందు పూసిన్రు. అది జంగును ఐరన్ ఫాస్ఫేట్‌గ మార్చి పొర కడుతది. ఢిల్లీ ఇనుప స్తంభం 1600 ఏండ్ల కెల్లి వానల నిలవడ్డదంటే దాని ఇనుముల భాస్వరం ఎక్కువ ఉండుడే పెద్ద కారణం, ఆడ గూడ ఫాస్ఫేట్ పొరే కాపాడుతున్నది. ఇంకో తీరు మందుల టానిన్ ఉంటది. కరక్కాయల ఉండేది, తంగేడు చెక్కల ఉండేది ఆ టానినే. ఇనుముతోని కలిస్తే నల్లబడుతది. కలంకారీ చేసేటోళ్లు నల్లరంగు తెచ్చేది ఆ కలయికతోనే. గా ఎర్రెర్రటి జంగు కండ్ల ముందే నల్లగ మారుతుంటే బామ్మర్ది మొదటిసారి నవ్విండు.

రుద్దినంక ఆ పొద్దే ప్రైమర్ పడాలె. వట్టి రెడ్ ఆక్సైడ్ కొట్టి వదిలేస్తే తడి లోపటికి ఇంకుతది, కింద ఎపాక్సీ ప్రైమర్ ఉండాలె. జాయింట్లకు సీలర్, మూసుకపోయిన నీళ్ల రంధ్రాలకు మల్ల తొవ్వ, చాసిస్ డబ్బా లోపట సన్న పైపుతోని మైనం లాంటి కోటింగ్. వెల్డింగ్ పెట్టినకాడ వెనుక వైపు రంగు కాలిపోతది, అది ఎవ్వలకు కనవడది, జంగు మల్ల మొదలయ్యేది ఆడనే. కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తే సాలదా అని మా ఊర్లె పెద్దమనుషులు అడుగుతరు. కొంత ఆపుతది, నిజమే. కానీ దుమ్మునంతా పట్టుకుంటది, రబ్బరు బుష్షులను ఉబ్బిస్తది, వాగుల దిగినప్పుడల్ల నీళ్లల్ల కలుస్తది. ఆ వాగుల మన పసులే తాగుతయ్. నేనైతే వద్దంట.

ఇగ కాయితాల పని ఒకటి ఉన్నది. చాసిస్ నంబర్ కొట్టిన జాగల గ్రైండర్ పెట్టనియ్యొద్దని ఉస్తాద్‌కు ముందే చెప్పిన. ఆయనకు నాకంటె బాగ తెలుసు, అప్పటికే సుద్దముక్కతోని గీత గీసి పెట్టుకున్నడు. ఆ నంబర్ మాసిపోతే ఆర్టీవో ఆఫీసుల బండి ఎవలదో తేల్చుడే కష్టమైతది, అనుమానం గూడ పడ్తరు. కిరసనాయిలు గుడ్డతోని మెల్లగ తుడిచి, పైన పారదర్శకంగ ఉండే లక్క పూసి, పెన్సిల్ ప్రింట్ తీసుకున్నం. పాత ఆర్టీవో కెల్లి ఎన్‌వోసీ వచ్చింది, ఈడ లైఫ్ ట్యాక్స్ కట్టి టీజీ 05 నంబర్‌కు దరఖాస్తు పెట్టినం. బత్తాయి గంపలు ఇప్పుడు ఆ జీపు మీదనే పోతున్నయ్. ఈ వానాకాలం దాటినంక మల్ల ర్యాంపు ఎక్కియ్యాలె, ఎడమ దిక్కు వెనుక హ్యాంగర్ మీద ఉస్తాద్‌కు ఇంక జర అనుమానం ఉన్నది.