పెండ్లి ఫొటోలకు గుడికి పోతున్నారా?



పెండ్లి ఖర్చుల పద్దులో ఈమధ్య ఒక కొత్త పద్దు వచ్చి కూర్చుంది. పెండ్లికి ముందే పిల్లనూ పిల్లగాణ్ణీ నిలబెట్టి తీసే ఫొటోలు, వీడియో. మా తొర్రూరు వైపు పిల్లలకు మనసంతా రామప్ప గుడి మీదే. అది కాకుంటే వరంగల్ కోట, హనుమకొండ వేయిస్తంభాల గుడి. నేనైతే వద్దనను. కాగితం పూల ముందు నిలబడేకంటే కాకతీయులు చెక్కించిన రాయి ముందు నిలబడితే ఆ అందమే వేరు. కాకపోతే ఆ రాతికి కొన్ని కట్టుబాట్లున్నాయి. అడ్వాన్సు ఇచ్చేముందే అవి తెలుసుకోవాలి.

మా బంధువుల్లో ఒక ఇంట్లో ఏమైందో వినండి. ఒక స్టూడియో వాళ్ళు "పర్మిషన్ సంగతి మాకొదిలేయండి" అని ముప్పై వేలు ముందే తీసుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిల్లను తయారు చేసి, కారు కట్టించుకుని ఒక పాత కట్టడం దగ్గరికి పోయారు. స్టాండ్లు, లైట్లు, పెద్ద గొడుగులు చూసి గేటు దగ్గర కాపలా మనిషి కాగితం అడిగాడు. వీళ్ళ దగ్గర కాగితమే లేదు. పిల్ల కండ్లల్లో నీళ్ళు. మగపెండ్లివారేమో "మీరు కనుక్కోలేదా?" అన్నారు. ఆ మాట లగ్నం దాకా నలిగింది. స్టూడియో వాళ్ళు పైసలు తిరిగి ఇవ్వనే లేదు. కాపలా మనిషిని అందరూ తిట్టారు గానీ, పాపం, ఆయన తన పని తాను చేశాడంతే.

ఇంతకీ రూలు ఏమిటి? రామప్ప, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట తోరణాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వీటికి 1958లో చట్టం, 1959లో నియమావళి వచ్చాయి. నియమావళిలో భాష కష్టంగా ఉంటుంది గానీ సారం మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. చేతిలో పట్టుకుని తీసుకునే ఫొటోకు అడ్డు లేదు. కింద నిలబెట్టేది, వెలిగించేది, రాతికి పూసేది ఏదైనా సరే, అధికారి రాసిచ్చిన అనుమతి ఉండాలి.

కెమెరా స్టాండు, స్టూలు, కుర్చీ, బల్ల, పెద్ద గొడుగు, ఇవన్నీ పేరుపేరునా రాసి ఉన్నాయి. కెమెరాతో పాటే వెలిగే ఫ్లాష్ తప్ప వేరే లైటు పెట్టకూడదు. నీళ్ళు, నూనె, జిడ్డు వంటివి రాతికి పూయకూడదు. సినిమా షూటింగ్ అయితే లైసెన్సే తీసుకోవాలి, రుసుము కట్టాలి. డ్రోన్ ఎగరేయాలన్నా ముందుగా అనుమతి ఉండాల్సిందే.

ఫోన్‌తో తీసుకునే మామూలు ఫొటోల గురించి భయం అక్కరలేదు. 2018 జూలైలో కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో ఫొటోలపై ఉన్న ఆంక్షలు ఎత్తేసింది. అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్ కుడ్యచిత్రాలు, తాజ్‌మహల్ లోపలి సమాధి, ఈ మూడింటిని మాత్రం మినహాయించింది. అయితే రామప్పలో ఈనాటికీ పూజలు జరుగుతున్నాయి. కట్టడంలో పాటించే ఆచారాన్ని మీరకూడదని కూడా నియమావళిలోనే ఉంది. అందుకని గర్భగుడి వైపు ఫోన్ ఎత్తేముందు పూజారిగారిని ఒక్కమాట అడగండి.

"రాయే కదా, స్టాండు పెడితే అరుగుతుందా?" అని మా చిన్నమ్మాయి అడిగింది. మన రుబ్బురోలును చూడండి. నూనె చుక్క పడితే పైపైన తుడుస్తాం గానీ మరక లోపలికి దిగిపోతుంది. పసుపు పడితే గచ్చు ఎన్నిసార్లు కడిగినా వదలదు. రామప్ప గుడి గోడలది ఇసుకరాయి, సన్నని రంధ్రాలుండే రాయి. రంగు పొగలు, రంగు పొడులు, నూనె దీపాలు ఒక్క జంటతో పోయేవి కావు. ఏడాదికి ఎన్ని జంటలు వస్తాయో లెక్క వేసుకోండి. నునుపు దేరిన నేల మీద ఇనుప స్టాండు కాళ్ళు ఈడిస్తే గీతలు పడవా?

ఆ గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఎనిమిది వందల ఏండ్లు దాటింది. నల్లరాతి మదనికల నగలూ, ఒక మదనిక కాళ్ళకున్న ఎత్తు చెప్పులూ ఈనాటికీ స్పష్టంగా కనబడతాయి. శిఖరానికి నీళ్ళల్లో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. 2021 జూలై 25న యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పక్కన నిలబడి ఫొటో దిగడానికి ఆ మదనికలు చాలవా? పిల్లల్ని నంది మీదికి ఎక్కించడం, కోటలో పడి ఉన్న చెక్కడపు రాళ్ళ మీద కూర్చోవడం మాత్రం మానిపించండి. కట్టడాన్ని పాడుచేస్తే రెండేండ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

అడ్వాన్సు ఇచ్చేముందు స్టూడియో వాళ్ళని ఈ నాలుగు సంగతులు అడగండి:

1. అనుమతి ఎవరి పేరున, ఏ తారీఖుకు తెస్తారు? కాగితం నకలు ముందే మన చేతికి రావాలి.

2. స్టాండు, లైట్లు, డ్రోన్, వీటిలో ఏవేవి తెస్తున్నారు? అనుమతి కాగితంలో అవి రాసి ఉన్నాయా?

3. గేటు దగ్గర ఆపేస్తే పైసలు ఎంత తిరిగి ఇస్తారు? ఈ మాట రసీదు మీద రాయించుకోండి.

4. రుసుము ప్యాకేజీలో కలిసి ఉందా, మనమే కట్టాలా?

వాళ్ళ మాట మీద నమ్మకం కుదరకపోతే కట్టడం దగ్గరున్న సిబ్బందిని గానీ, పురావస్తు శాఖ హైదరాబాద్ సర్కిల్ కార్యాలయాన్ని గానీ మీరే అడగండి. కొన్ని గుళ్ళు కోటలు కేంద్రం కింద కాక రాష్ట్ర వారసత్వ శాఖ కింద ఉంటాయి. బయట బోర్డు చదివితే తెలిసిపోతుంది.

ఇంత తిరుగుడు వద్దనుకుంటే తేలిక దారి ఒకటుంది. స్టాండూ లైటూ లేకుండా, పొద్దుటి ఎండలో, చేతి కెమెరాతో ఒక మంచి ఫొటోగ్రాఫర్ తీసినా ఆల్బం నిండుతుంది. ఖర్చు కూడా సగం తగ్గుతుంది. పులిహోర, పెరుగన్నం డబ్బాలు తీసుకుపోండి గానీ గుడి ఆవరణలో విప్పకండి. అనుమతించిన చోట తప్ప లోపల వండటం, తినడం కూడా నిషేధమే. పక్కనే రామప్ప చెరువుంది. గట్టు దగ్గర నీడ చూసుకుని తినండి. విస్తరాకులు, సీసాలు మాత్రం మళ్ళీ మీ సంచీలోనే ఇంటికి తెచ్చుకోండి.

వచ్చే వారం ఎండాకాలం వడియాల ముచ్చట చెప్పుకుందాం.